మూడుసార్లు మార్చిన బేరింగ్: పికప్ ముందు చక్రం దగ్గర అసలేం జరుగుతుంది?

విడవలూరు నుంచి నెల్లూరు వస్తూ కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కితే చాలు, మా పికప్‌లో ఒక మోత వినపడేది. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు గూఁ అని, ఒకే శ్రుతిలో. వంతెన దిగగానే తగ్గినట్టుండేది. నిజానికి తగ్గేది కాదు. వంతెన మీద ఉన్నంతసేపూ పిట్టగోడకు తగిలి శబ్దం మన చెవికి తిరిగొస్తుంది, దిగాక పొలాల్లోకి పోతుంది. ఈ చిన్న సంగతి నాకు తట్టేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలల్లో ఎడమ ముందు చక్రానికి మూడుసార్లు బేరింగ్ మార్పించాను.

మొదటిసారి "బేరింగ్ పోయింది" అన్నారు, మార్చారు. రెండోసారీ అదే మాట, అదే బిల్లు. మూడోసారి నాకు ఒళ్లు మండి, "పోయింది సరే, ఎందుకు పోయింది?" అని అడిగాను. షెడ్డులో ఎవరూ సమాధానం చెప్పలేదు. బేరింగ్ మార్చడం ఒక పూట పని, చేయి తిరిగినవాడు రెండు గంటల్లో ముగిస్తాడు. దాన్ని చంపిందేమిటో తేల్చకుండా మార్చుకుంటూ పోతే మాత్రం, కారే కప్పు కింద గిన్నెలు మార్చినట్టే.

ఇరుసు, కుండ, శీల

ముందు యాక్సిల్ నిర్మాణం అర్థం కావాలంటే ఎడ్లబండి గుర్తు తెచ్చుకుంటే చాలు. బండికి ఇరుసు తిరగదు, దాని చివర చక్రమే తిరుగుతుంది. చక్రం నడుమ కుండ ఉంటుంది. కుండ జారి బయటకు రాకుండా శీల కొడతారు. రాపిడి తగ్గడానికి ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెడతారు. మన జిల్లాల్లో రొయ్యల మేత, మంచు దిమ్మెలు, వడ్ల బస్తాలు, పొదలకూరు నిమ్మకాయలు మోసే పికప్‌లలో ఎక్కువ భాగం ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకే ఇస్తాయి. అంటే ముందు చక్రాలు వాటంతట అవి తోసుకుపోయేవి కావు, బండి కదిలితే దొర్లేవి. అచ్చం ఎడ్లబండి చక్రాలే. ఇరుసు కొసను ఇప్పుడు స్టబ్ యాక్సిల్ అంటున్నాం. కుండ పేరు హబ్. శీల చేసే పని నట్టూ స్ప్లిట్ పిన్నూ చేస్తాయి, కందెన బదులు గ్రీజు వచ్చింది.

ఒంగోలు గిత్తలు లాగిన బండిలో లేనిది ఒక్కటే, కుండకూ ఇరుసుకూ నడుమ తిరిగే రోలర్లు. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ అనే బగ్గీల తయారీదారు టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బగ్గీ మలుపు తిరిగినప్పుడు బరువు కిందికి మాత్రమే కాదు, పక్కకు కూడా తోస్తుంది. అంతటా ఒకే లావున్న రోలరు ఆ పక్కతోపును ఆపలేదు. రోలరును ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా చెక్కి ఏటవాలుగా నిలబెడితే రెండు బరువులనూ మోస్తుంది. ఇంతే ఆ ఆలోచన. నూట పాతికేళ్లు దాటినా మన పికప్‌లు చాలావాటిలో ముందు హబ్ లోపల ఉన్నది అదే.

ఒక్కో హబ్‌లో ఇలాంటివి రెండు ఉంటాయి, ఒకదానికొకటి ఎదురెదురు ముఖంగా. ఇంజిన్ వైపున్నది పెద్దది, బయటి వైపుది చిన్నది. చక్రం మీద పడే బరువు గీత లోపలి బేరింగుకు దగ్గరగా వస్తుంది కాబట్టి ఎక్కువ బరువు మోసేది అదే. ప్రతి బేరింగులో రెండు ముక్కలు: రోలర్లతో సహా స్టబ్ మీదికి జారే కోన్, హబ్‌లో బిగుతుగా కొట్టి కూర్చోబెట్టే కప్పు. వెనకవైపు నీళ్లూ మట్టీ రాకుండా ఒక ఆయిల్ సీల్, ముందువైపు గ్రీజు కప్పే రేకు మూత.

ఒక లెక్క చెప్తాను. పికప్ టైరు అడ్డుకొలత సుమారు 70 సెంటీమీటర్లు అనుకుంటే ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. అంటే ఒక్క ట్రిప్పుకు చక్రం దాదాపు 80,000 సార్లు తిరుగుతుంది. అంతసేపూ ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉండేది వెంట్రుక మందం కూడా లేని గ్రీజు పొర. ఆ పొరలోకి చుక్క నీరు చేరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఏది పోయిందో తేల్చడం

మోత వచ్చిందంటే బేరింగే అని తేల్చేయడం మన షెడ్లలో మామూలు. నా అనుభవంలో డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ముందు అది ఇంజిన్ వైపు శబ్దమా, చక్రాల వైపు శబ్దమా చూడాలి. ఖాళీ రోడ్డు మీద 60 స్పీడులో ఒక్క క్షణం క్లచ్ తొక్కండి. ఇంజిన్ నిదానించినా మోత అలాగే ఉంటే అది చక్రాలతో ముడిపడింది. అప్పటికీ ప్రొపెల్లర్ షాఫ్టు మధ్య బేరింగూ వెనక యాక్సిలూ ఇలాగే అరుస్తాయి కాబట్టి తొందరపడొద్దు.

తర్వాతది టైరు. అరుగుదల గుంటలు గుంటలుగా ఉన్న టైరు బేరింగులాగే గూఁ అంటుంది. తేడా ఒకటే, రోడ్డు మారితే టైరు గొంతు మారుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్త తారు మీద ఒకలా. బేరింగ్ మోతకు రోడ్డుతో పని లేదు, స్పీడుతోనే పని. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి వేసి పది కిలోమీటర్లు నడపండి. మోత కూడా వెనక్కి పోతే బేరింగ్ నిర్దోషి.

ఇక ఎడమా, కుడా? వెనకాముందూ ఎవరూ లేని చోట 50 స్పీడులో స్టీరింగును మెల్లగా కుడికి వంచితే బండి బరువు ఎడమకు వాలుతుంది. మోత పెరిగితే అనుమానం ఎడమ బేరింగ్ మీద. ఎడమకు వంచినప్పుడు పెరిగితే కుడిది. దీన్ని చాలామంది తిరగేసి గుర్తుపెట్టుకుంటారు, నేనూ అంతే. మొదట్లో కుడి చక్రం విప్పించబోయి ఆగాను.

అసలు పరీక్ష జాకీ వేశాక. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఎత్తి, స్టాండు మీద నిలబెట్టాలి. జాకీని మాత్రమే నమ్ముకుని బండి కింద దూరకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపండి. రెండు పక్కలా పట్టుకున్నప్పుడు మాత్రమే కదిలితే అది టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ సామాను. పైనా కిందా పట్టుకున్నప్పుడు కదిలితే రెండు అనుమానాలు: బేరింగ్, లేదంటే కింగ్ పిన్, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ నిలువు కమ్మీ మీద మళ్లుతుందో అది. ఆకుపట్టీలు, అడ్డంగా ఒకే ఇనుప దూలం ఉన్న బండికి కింగ్ పిన్ ఉంటుంది. చక్రానికో ఆర్మ్ ఉన్న బండికి ఆ స్థానంలో బాల్ జాయింట్లు.

ఈ రెంటినీ విడదీయడానికి ఒక తేలికైన కిటుకు ఉంది, ఎందుకో చాలామంది వాడరు. ఒకరు కేబిన్‌లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కాలి, ఇంకొకరు చక్రాన్ని ఊపాలి. బ్రేకు పడితే హబ్ స్టబ్‌తో కలిసి ఒకటైపోతుంది, బేరింగ్ నడుమ లేనట్టే. అప్పుడు ఊగడం ఆగిపోతే లూజు బేరింగ్‌లో ఉంది. ఇంకా ఊగుతుంటే కింగ్ పిన్నో బాల్ జాయింటో పోయింది. ఇలా రెండు నిమిషాలు ఖర్చు పెడితే అనవసరమైన బేరింగ్ సెట్టు కొనే బాధ తప్పుతుంది.

ఆర్మ్ ఉన్న బండికి ఇంకో జాగ్రత్త. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటే జాకీని చాసిస్ కింద వేయకూడదు, కింది ఆర్మ్ కిందే వేయాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి బాల్ జాయింటు బిగుసుకుని, అరిగినా లూజు కనపడదు.

వేడి కూడా చెప్తుంది. ఇరవై కిలోమీటర్లు నడిపి, బ్రేకులు ఎక్కువ వాడకుండా ఆపి, రెండు ముందు హబ్‌లనూ చేత్తో తాకి చూడండి. ముందు చేతి వెనకభాగం దగ్గరగా పెట్టి వేడి చూసుకున్నాకే తాకండి. రెండూ గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మాత్రం చెయ్యి పెట్టనివ్వకపోతే అక్కడ బేరింగో, పట్టేసిన బ్రేకో ఉంది. ముందు డిస్క్ బ్రేకులున్న బండిలో ఇంకో గుర్తు: ఎగుడుదిగుడు రోడ్డు దాటాక మొదటి తొక్కుడుకు పెడల్ లోపలికి పోతుంది, రెండోసారి తొక్కితే మామూలుగా ఉంటుంది. లూజైన హబ్‌తో డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టడం వల్ల అలా అవుతుంది. బ్రేకు ఆయిల్లో గాలి ఉందని పొరపడి బ్లీడింగ్ చేయించుకునేవాళ్లు ఉన్నారు.

చచ్చిన బేరింగును చదవడం

మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోవడం మా నాన్న అలవాటు. నిజంగా మార్చారో లేదో అన్న అనుమానంతో మొదలైన అలవాటు అది. దాని పుణ్యమా అని మూడు జతల బేరింగులూ సీటు కింద గోనెసంచిలో ఉన్నాయి. నెల్లూరు ఆటోనగర్లో అందరూ భాయ్ అని పిలిచే ఒక పెద్దాయన దగ్గరికి వాటిని తీసుకుపోయాను. ఆయన బండి వైపు చూడను కూడా చూడలేదు. నేల మీద పేపరు పరిచి, డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, మూడు జతలనూ వరసగా పెట్టాడు.

"మూడూ ఒక్క జబ్బుతో పోలేదబ్బయా. ఇదీ ఇదీ నీళ్లు తాగినాయి. నడిమిది మనిషి చేసిన పని" అన్నాడు.

మొదటి జత కప్పుల లోపల రోలర్ల మధ్య దూరం ఎంతో అంతంత దూరంలో నల్లని గీతలు, గీతల చుట్టూ తుప్పు. బండి ఆగి ఉన్నప్పుడు గ్రీజులోని నీరు రోలరు అంచున నిలిచి ఇనుమును తిన్న గుర్తు అది. మళ్లీ బండి కదిలినప్పుడు రోలర్లు ఆ గీతల మీదుగా దొర్లుతూ గూఁ అంటాయి. సీలు దగ్గర మిగిలిన గ్రీజు కాఫీ రంగులో ఉందని నాకు గుర్తు, అప్పుడు పట్టించుకోలేదు. గ్రీజు తెల్లగా, పాలు కలిపినట్టు మారిందంటే నీరు చేరినట్టే.

నడిమి జత వేరే కథ. రోలర్లు గడ్డి రంగు నుంచి నీలానికి తిరిగాయి, లావు చివరలు గీసుకుపోయాయి. ఇది వేడి. మొదటిసారి మార్చినప్పుడు రోడ్డు పక్క షెడ్డులో ఒక కుర్రాడు ఈ జత వేసి, ఊగకుండా ఉండాలని పెద్ద పానాతో నట్టు బిగించాడు. నేను పక్కనే నిలబడి "ఇంకా బిగించు" అన్నాను కూడా. తప్పులో సగం నాదే.

ఆయన చెప్పినవాటిలో మా బేరింగుల్లో లేనివి ఇంకో రెండు ఉన్నాయి, అవీ తెలుసుకోదగినవే. కప్పు మీద పెచ్చులు పెచ్చులుగా లేచి గుంటలు పడితే అది ఆయుష్షు తీరిన అరుగుదల, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. రోలర్ల దూరంలో సన్నని నొక్కులు ఉండి తుప్పు లేకపోతే అది దెబ్బ. గుంతలో పడ్డప్పుడో, బిగించేటప్పుడు సుత్తితో కోన్ మీద కొట్టినప్పుడో పడుతుంది.

నీళ్లు ఎలా దూరాయి

మా ఊరి చుట్టూ వనామీ రొయ్యల గుంటలు. చెరువు గట్టు మీద బురద తొక్కి వచ్చిన బండిని ఆ రోజే కడగాలన్నది నా పట్టుదల. కడిగేది ప్రెషర్ గన్‌తో, వాడేది మా బోరు ఉప్పునీళ్లు. హైవే మీద నలభై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, చక్రాలు చల్లారకముందే గన్ను చక్రం వైపు తిప్పేవాణ్ని.

ఇక్కడ జరిగేది చిన్న సైన్సు పాఠం. పరిగెత్తిన హబ్ వేడిగా ఉంటుంది, లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. ఒక్కసారిగా చల్లని నీళ్లు పడితే ఆ గాలి కుంచించుకుపోతుంది. లోపల ఖాళీ ఏర్పడి, సీలు పెదవి, అంటే దాని రబ్బరు అంచు, సందులోంచి బయటి నీటిని పీల్చుకుంటుంది. పడవలను ట్రెయిలరు మీద సముద్రంలోకి దింపే దేశాల్లో ట్రెయిలరు బేరింగులు పోయేది ఈ కారణంతోనే. మనకు పడవలు అక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఏడాది వానలో పెద్ద భాగం పడే రోజుల్లో, నెల్లూరు రైల్వే అండర్‌బ్రిడ్జిలో హబ్ మునిగేంత నీరు నిలిస్తే చాలు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజులు గుర్తున్నాయా? ఆ నీళ్లలో నిలిచిన బండ్లకు మా వీధిలో ఇంజిన్ ఆయిల్ మార్చారు, గేరు ఆయిల్ మార్చారు. హబ్ గ్రీజు మాత్రం మేమెవరం తలుచుకోలేదు.

మంచి సీలు ఉంటే ఇంత జరగదు కదా అనొచ్చు. సీలు ప్రతిసారీ కొత్తదే వేశారు. భాయ్ స్టబ్ యాక్సిలును తుడిచి, సీలు పెదవి కూర్చునే చోట నా వేలిగోరు పెట్టి అటూ ఇటూ గీయమన్నాడు. గోరు తట్టుకుంది. పాత సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుని అక్కడ సన్నని కాలువ తవ్వింది. కొత్త సీలు పెదవి కూడా సరిగ్గా ఆ కాలువలోనే కూర్చుంటుంది, ఇనుముకు ఆనదు. ఆ సందులోంచి ఉప్పునీరు లోపలికి పోతుంది. మూడింటిలో రెండు బేరింగుల ఖర్చుకు కారణం గోటికి తగిలేంత గాడి.

దీనికి మందు స్టబ్ మార్చడమే కానక్కర్లేదు. గాడి మీద పల్చని స్టీలు స్లీవ్ ఎక్కించవచ్చు. హబ్‌లో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ లోతులో కూర్చోబెట్టి, పెదవి కొత్త చోట తిరిగేలా చేయవచ్చు. మా బండికి స్లీవ్ వేశారు.

అయితే కుడి చక్రానికి రాని తిప్పలు ఎడమకే ఎందుకు? మనం ఎడమవైపు నడిపేవాళ్లం. ఎదురు బండి వస్తే మార్జిన్‌లోకి దిగేది, గుంత అంచు కొట్టేది, నిలిచిన నీళ్లలో పోయేది ఎడమ చక్రమే.

బరువు సంగతి కొంచెం

ఓవర్‌లోడ్ వల్లే బేరింగులు పోతాయని అందరూ అంటారు. సగం నిజం. రోలర్ బేరింగు ఆయుష్షు లెక్కలో బరువు మూడింటికి పైగా ఘాతంతో దెబ్బ కొడుతుంది. బేరింగు మీద పడే బరువు సగం పెరిగితే ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోతుంది. రెట్టింపయితే పదో వంతు. కానీ 1.7 టన్నులు మోసే పికప్‌లో రెండున్నర టన్నులు వేస్తే అందులో ఎక్కువ భాగం పడేది వెనక యాక్సిల్ మీద. ముందు బేరింగును చంపేది లోడు కంటే స్పీడ్ బ్రేకరు మీద తగ్గించకుండా ఎక్కే అలవాటు, ఇంకా అందం కోసం వేసే వెడల్పు రిమ్ములూ స్పేసర్లూ. చక్రం రెండంగుళాలు బయటికి జరిగితే బరువు గీత పెద్ద లోపలి బేరింగును వదిలి చిన్న బయటి బేరింగు వైపు జరుగుతుంది. ఆ చిన్నది అందుకు తయారైంది కాదు. చీమకుర్తి క్వారీ రోడ్డు మీద స్పేసర్లతో తిరిగే బండి చూస్తే నాకు ముందు ఆ బేరింగే గుర్తొస్తుంది.

విప్పడం, కడగడం, కూర్చోబెట్టడం

పని క్రమం చాలామందికి తెలిసిందే కాబట్టి తప్పులు జరిగే చోట్లే చెప్తాను. డిస్క్ బ్రేకు క్యాలిపర్ విప్పితే దాన్ని తీగతో కట్టి వేలాడదీయాలి, బ్రేకు పైపు మీద బరువు పడనివ్వకూడదు. స్ప్లిట్ పిన్ తీసి, నట్టూ వాషరూ తీసి, హబ్ లాగేటప్పుడు బయటి కోన్ జారి కింద పడుతుంది. చెయ్యి పెట్టి పట్టుకోండి, ఇసుకలో పడిన కోన్‌ను మళ్లీ వేయొద్దు. కడిగిన బేరింగును గాలి పైపుతో గిర్రున తిప్పి ఆరబెట్టడం కుర్రాళ్లకు సరదా. గ్రీజు లేకుండా ఆ వేగంతో తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, వాటిని పట్టి ఉంచే కేజ్ తెగితే ఎగిరి కంట్లో పడతాయి. గుడ్డతో తుడిస్తే చాలు.

కప్పూ కోనూ జతగానే మార్చాలి. కోన్ ఒక్కటే కొత్తది వేస్తే పాత కప్పు మీది గుంటలు వారంలో కొత్త రోలర్ల మీదికి ఎక్కుతాయి. పాత కప్పును ఇత్తడి కమ్మీతో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టి తీయాలి, ఒకేవైపు కొడితే హబ్ గీసుకుపోతుంది. కొత్త కప్పును కూర్చోబెట్టడానికి పాత కప్పునే బోర్లించి అడ్డం పెట్టి కొట్టొచ్చు. అడుగుకు చేరగానే సుత్తి శబ్దం మారుతుంది, టంగుమనేది దబ్బుమంటుంది. అనుభవం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఆ శబ్దం వింటారు.

కప్పు హబ్‌లో లూజుగా తిరుగుతుంటే పంచ్‌తో చుక్కలు కొట్టి, ఆ గరుకు మీద బిగించడం మన దగ్గర బాగా నడిచే వైద్యం. నాకు ఇది ససేమిరా నచ్చదు. నాలుగైదు చుక్కల మొనల మీద కూర్చున్న కప్పు వంకరగా కూర్చుంటుంది, వెయ్యి కిలోమీటర్లకు మొనలు అణిగిపోయి మళ్లీ తిరుగుతుంది. హబ్ మార్చుకోవడమే దారి.

గ్రీజు విషయంలో రంగు చూసి మోసపోకండి. నీలం, ఎరుపు అనేవి తయారీదారు కలిపే రంగులు మాత్రమే. డబ్బా మీద వీల్ బేరింగ్, లిథియం కాంప్లెక్స్, 2వ నంబరు అని ఉందో లేదో చూడండి. ఉప్పునీటి పక్కన తిరిగేవాళ్లకు కాల్షియం సల్ఫోనేట్ రకం ఇంకా మేలు, నీటిని బాగా తట్టుకుంటుంది. ఏదైనా పాతది పూర్తిగా కడిగేశాకే కొత్తది. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోన్ లావు చివరను దానికి అదిమి అదిమి, సన్న చివర నుంచి బయటికి వచ్చేదాకా కూరాలి. హబ్ నడిమి ఖాళీని మాత్రం నిండా నింపొద్దు. సగానికి లోపే ఉండాలి. ఎక్కువైతే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, సీలును తోసుకుని బ్రేకు లైనర్ మీదికి వస్తుంది.

ఇక నట్టు. మా నడిమి బేరింగును చంపింది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను. టేపర్ బేరింగు ఏటవాలుది. నట్టు బిగించే కొద్దీ కోన్ కప్పులోకి చీలలా దిగుతుంది. మరీ బిగిస్తే గ్రీజు పొరకు చోటుండదు. మరీ వదిలేస్తే చక్రం ఊగి రెండు మూడు రోలర్ల మీదే బరువు పడుతుంది. కావలసిన వదులు సాధారణంగా 0.03 నుంచి 0.13 మిల్లీమీటర్ల లోపు. నోటుపుస్తకం కాగితం ఒకటి 0.1 మిల్లీమీటరు మందం, అంత అన్నమాట. అది చేతికి తెలిసీ తెలియనట్టు ఉండే కదలిక. ఊగుతోందని భయపడి బిగించేది ఆ కదలికనే.

పద్ధతి ఇది. ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ పానాతో నట్టు బిగించాలి, చక్రం బరువెక్కినట్టు అనిపించేదాకా. రోలర్లు వాటి చోట కూర్చోవడానికి ఈ బిగింపు. తర్వాత నట్టును పూర్తిగా వదులు చేయాలి. ఈసారి పానా పక్కన పడేసి వేళ్లతోనే బిగించాలి, వేళ్లకు ఆగినంతే. స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురు రాకపోతే దగ్గరి రంధ్రానికి వెనక్కి తిప్పాలి, ముందుకు కాదు. పిన్ను కొత్తదే వేయాలి. కొన్ని బండ్లకు హబ్‌ను స్ప్రింగ్ త్రాసుతో లాగి బిగుతు కొలవాలని మాన్యువల్లో ఉంటుంది, ఆ బండికి ఆ మాటే చెల్లుతుంది. రెండు వందల కిలోమీటర్లు నడిపాక ఒకసారి మళ్లీ ఎత్తి ఊపి చూడాలి.

కొత్త బండ్లలో కొన్నింటికి ఈ నట్టు గొడవ లేదు. బేరింగూ సీలూ కలిపి ఒకే మూసిన యూనిట్‌గా వస్తాయి. వాటికి నియమాలు తిరగబడతాయి: నట్టును కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాల్సిందే, బిగించకముందు బండి బరువు చక్రం మీద పెట్టకూడదు, ప్రెస్సులో ఎక్కించేటప్పుడు బయటి రింగునే తోయాలి. లోపలి రింగును తోస్తే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి నొక్కులు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే మోగుతుంది. ఏబీఎస్ ఉంటే అయస్కాంతపు అంచు ఉన్న ముఖం సెన్సారు వైపే ఉండాలి. ఈ రకాన్ని సుత్తితో కొట్టే షెడ్డులో నేనైతే బండి వదలను.

కొనేటప్పుడు బేరింగు మీది నంబరు చూసుకోవడం నేర్చుకుంటే సగం మోసం తప్పుతుంది. ఉదాహరణకు 30206 అని ఉంటే చివరి రెండంకెలను 5తో గుణించండి, 30 మిల్లీమీటర్లు లోపలి రంధ్రం. మీ బండి నంబరు ఇదే అని కాదు, చదివే తీరు ఇది. పాతదాని నంబరు, కొత్తదాని నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. నంబరు చెక్కడం మసకగా, వంకరగా ఉన్నా, పెట్టె మీద ఒకటి బేరింగు మీద ఒకటి ఉన్నా తిరిగి ఇచ్చేయండి.

బేరింగు బాగుండి బండి ఊగితే

60, 70 స్పీడులో స్టీరింగు వణుకుతుందంటే మొదట చక్రం బ్యాలెన్సు, సొట్ట రిమ్ము చూడాలి. అవి సరిగ్గా ఉంటే కింగ్ పిన్ బుష్షులు, టై రాడ్ ఎండ్లు, ఆకుపట్టీల బుష్షులు. కింగ్ పిన్‌కు గ్రీజు కొట్టేటప్పుడు ముందు యాక్సిల్‌ను జాకీతో ఎత్తి కొట్టాలి. చక్రం నేల మీద ఉంటే బరువంతా థ్రస్ట్ బేరింగ్ మీద అదిమి ఉండి గ్రీజు అక్కడికి పోదు, పక్కనుంచి కారిపోతుంది. పది సార్లు గ్రీజు కొట్టించినా కింగ్ పిన్ ఎందుకు పోయిందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది గ్రీజు నేల మీదే కొట్టించి ఉంటారు. కొత్త బుష్షులు వేశాక రీమర్‌తో సరిచేయడం లేత్ షాపు పని, చేతి ఆకురాయితో అయ్యేది కాదు.

కల్వర్టుకు కొట్టి యాక్సిల్ దూలం వంగితే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సరిచేస్తామనేవాళ్లు ఉన్నారు. అది ఫోర్జింగ్ చేసి, వేడి చికిత్సతో గట్టిపరచిన ఉక్కు. మళ్లీ ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది, చూడటానికి నిటారుగా ఉన్నా తర్వాతి గుంతలో వంగుతుంది లేదా పగులుతుంది. చల్లగా ఉండగా ప్రెస్సులో సరిచేయగలిగితే సరే, లేదంటే మార్చడమే.

మా బండికి స్లీవ్ వేసి, కొత్త జత పెట్టి, వేళ్లతో నట్టు బిగించి, భాయ్ చేతులు తుడుచుకున్నాడు. నేను డబ్బులు తీయబోతే, "కుడిది కూడా విప్పు" అన్నాడు.

"అది బాగానే ఉంది కదా భాయ్, ఒక్క చప్పుడు కూడా లేదు."

"చప్పుడు లేదన్నావు. బాగుందని ఎవరు చెప్పినారు నీకు?"

కుడి హబ్ మూత తీసి వేలితో గ్రీజు తీశాడు. అంచుల దగ్గర ఇంకా ముదురు రంగులోనే ఉంది. నడుమ మాత్రం పల్చగా, చాయ్ రంగుకు తిరిగింది.